గుల్మార్గ్‌లో ఒక్కరోజు స్కీయింగ్: తేడా ఎక్కడ కొట్టింది, ఎలా సరిచేసుకోవాలి

కశ్మీర్ టూరుకి వెళ్ళినవాళ్ళు ఐదారు రోజుల్లో ఒకటి గుల్మార్గ్‌కి ఇస్తారు. పొద్దున శ్రీనగర్‌లో బయల్దేరి చీకటి పడేలోపు వెనక్కి. ఆ మధ్యలోనే గైడుని పెట్టుకుని స్కీయింగ్ కూడా నేర్చేసుకోవాలని సరదా. నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి అరగంట కూడా నిలబడలేక, "ఇది మనకి రాదులే" అనుకుని వేడివేడిగా ఒక కహ్వా తాగి వచ్చేశాను. మరుసటేడు మా అక్కాబావలతో వెళ్ళినప్పుడు తెలిసింది, నా కాళ్ళని అనవసరంగా తిట్టుకున్నానని. తప్పంతా బూటుది.

కింద రాసిన ఇబ్బందులన్నీ దాదాపు రోజు నడిచే వరసలోనే ఉన్నాయి. బూటు దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను. మిగతా సగం గొడవలు అక్కడే పుడతాయి.

"పన్నెండయింది, ఇంకా మంచు మీద కాలు పెట్టలేదు"

శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లే. కానీ చివరి 13 కిలోమీటర్లు తంగ్‌మార్గ్ నుంచి ఘాట్ రోడ్డు. మంచు పడితే మామూలు కార్లని తంగ్‌మార్గ్‌లోనే ఆపేస్తారు. చక్రాలకి గొలుసులు కట్టిన బండో, ఫోర్ బై ఫోరో మాట్లాడుకోవాలి. అక్కడే కోట్లు, గమ్‌బూట్లు అద్దెకిచ్చే కొట్లు ఉంటాయి. ఎనిమిది మంది కుటుంబం ఎనిమిది కోట్లు తొడిగి చూసుకునేసరికి గంట గడిచిపోతుంది. పైకి వెళ్ళాక గండోలా, అంటే కేబుల్ కారు, దాని క్యూ.

ముందురోజు రాత్రే డ్రైవర్ని అడగండి: "రేపు బండి పైదాకా వెళ్తుందా?" వెళ్ళదంటే ఏడింటికల్లా బయల్దేరండి. థర్మల్స్, గ్లవుజులు ఇంటి దగ్గరే కొనుక్కుంటే తంగ్‌మార్గ్‌లో బేరాలాడే పని తగ్గుతుంది. ఇక గండోలా సంగతి. మొదటి ఫేజ్ కొంగ్‌డూరి దాకా, అంటే 3,050 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. రెండో ఫేజ్ అఫర్వట్ కొండ మీద 3,950 మీటర్ల దగ్గర దింపుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఈ రెండిటితోనూ పని లేదు. ఎండాకాలం గోల్ఫ్ ఆడే మైదానం పక్కన, కిందే, పిల్లలకి పెద్దలకి సరిపడే చిన్న వాలు ఉంటుంది. స్కీయింగా గండోలానా, ఒక్కరోజులో ఏదో ఒకటే తేల్చుకోండి. రెండూ కావాలంటే రాత్రి గుల్మార్గ్‌లోనే ఉండి, గండోలా టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి.

మంచే లేకపోతే? అదీ జరుగుతుంది. 2024 జనవరిలో నెలాఖరు దాకా గుల్మార్గ్ వాలులన్నీ గోధుమరంగులో ఉండిపోయాయి. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్ అంటారు, అక్కడి చలికాలంలో నడిబొడ్డు. అది సగం గడిచాక, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో పెట్టుకుంటే దెబ్బతినే అవకాశం తక్కువ.

"ఫోన్‌లో సిగ్నల్ లేదు, గైడు ఎక్కడున్నాడో తెలీదు"

టవర్ని తిట్టకండి. మన తెలుగు రాష్ట్రాల్లో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. గుంపులో ఒక్కరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకుని, ఆ నంబరే గైడుకి ఇవ్వండి. ఫోన్ని లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోండి. పై జేబులో పెడితే చలికి బ్యాటరీ సగం ఉండగానే ఆగిపోతుంది.

"గైడు చేయి పట్టుకుని లాగుతున్నాడు, ఫొటోలు తీస్తున్నాడు, నేర్పట్లేదు"

నా మొదటి రోజంతా ఇదే. అతను నా స్కీ కర్రల కొసలు పట్టుకుని వెనక్కి నడుస్తూ, నన్ను తోపుడు బండిలా లాక్కెళ్ళాడు. వీడియోలో చూస్తే నేను స్కీయింగ్ చేస్తున్నట్టే ఉంటుంది. తీరా వదిలేస్తే రెండడుగులకే బోర్లా.

అతను మోసగాడేం కాదు. దారి చూపించి, సామాను మోసి, గుర్రమో స్లెడ్జో కుదిర్చిపెట్టడం గైడు పని. స్కీయింగ్ నేర్పడం ఇన్‌స్ట్రక్టర్ పని. ఇద్దరూ ఒకే రకం జాకెట్లో ఉంటారు, ఇద్దర్నీ మనం గైడు అనే అంటాం. డబ్బు మాట్లాడేటప్పుడే తేల్చుకోవాల్సినవి: మంచు మీద కచ్చితంగా ఎన్ని గంటలు, ఒక్కరికి ఎంతమంది, బూట్లు, స్కీలు, కర్రలు కలిపేనా విడిగానా, డ్రాగ్ లిఫ్ట్ (స్కీలు వేసుకున్నవాళ్ళని వాలు పైకి లాక్కెళ్ళేది) డబ్బులు ఎవరివి. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి నలుగురి కంటే ఎక్కువైతే వద్దనండి. "సిఖానా హై, ఖీంచ్‌నా నహీ" అని ముందే చెప్పేస్తే నవ్వి సరేనంటారు.

హిందీ రాని పెద్దవాళ్ళు వెంట ఉంటే నాలుగు మాటలు ముందే నేర్పండి. "ఘుట్‌నే మోడో" అంటే మోకాళ్ళు వంచు. "ఆగే ఝుకో" అంటే ముందుకి వాలు. "నీచే మత్ దేఖో" అంటే కిందికి చూడకు. "పిజ్జా" అంటే పిజ్జానే, దాని సంగతి తర్వాత. మా అక్కకి హిందీ అంతంతమాత్రం. "ఝుకో" అన్నప్పుడల్లా మర్యాదగా తల వంచేది.

"బూటు వేసుకున్న పావుగంటకే పాదం మొద్దుబారింది" / "నడుస్తుంటే మడమ లేచిపోతోంది"

పైకి రెండూ వేర్వేరు బాధల్లా కనిపిస్తాయి. మూలం మాత్రం ఒకటే.

అద్దె కొట్టులో బల్లమీద కూర్చున్నాం. నేలంతా కరిగిన మంచు నీళ్ళు. చలి కదా అని మా బావ రెండు జతల ఉన్ని సాక్సులు వేసి, వాటిమీద థర్మల్ ప్యాంటు అంచు కూడా లోపలికి దోపేశాడు. కొట్టబ్బాయి ఆ పాదం చూసి ఒక సైజు పెద్ద బూటు ఇచ్చాడు. బావ కాలు దూర్చి "ఆహా, హాయిగా ఉందిరా" అన్నాడు. స్కీ బూటు మొదటిసారే హాయిగా ఉందంటే అనుమానించాలి.

బూటు వదులైతే లోపల మడమ లేస్తుంది. లేస్తోందని పైనున్న బకిల్స్ అన్నీ బిగించేస్తాం. అప్పుడు పాదం పైభాగం నొక్కుకుపోయి రక్తం ఆడదు, వేళ్ళు చల్లబడి మొద్దుబారతాయి. చలేస్తోందని ఇంకో జత సాక్సులు అడుగుతాం! సాక్సు మడతపడ్డ చోట, థర్మల్ అంచు ఉన్న చోట గీత పడి, మంట మొదలవుతుంది.

మా ఇన్‌స్ట్రక్టర్ చేసింది ఇదీ. రెండు జతలూ విప్పించి, పలచటి పొడవాటి సాక్సు ఒక్కటే మోకాలి కిందిదాకా లాగించాడు. థర్మల్ అంచుని బూటు బయటికి తీయించాడు. గోడకి మడమ ఆనించి నిలబెట్టి, బొటనవేలి కొస దగ్గర పెన్నుతో గీత గీసి కొలిచాడు. 26 సెంటీమీటర్లు. బూటు మీద 25.5, 26.5 అని ఉండే అంకె పాదం పొడవే, సెంటీమీటర్లలో. పక్కనే 305 లాంటి మూడంకెల సంఖ్య ఉంటుంది, అది బూటు అడుగు పొడవు మిల్లీమీటర్లలో. బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు, దాన్ని సరిచేసేవాడికి అది కావాలి, మన సైజుకి దాంతో సంబంధం లేదు.

తర్వాత 26.5 బూటులో కాలు దూర్చి, మడమతో నేలని వెనక్కి రెండుసార్లు తన్నించాడు. మడమ గూట్లోకి వెళ్ళి కూర్చోవాలి. అప్పుడు ముందుగా చీలమండ దగ్గరి బకిల్, తర్వాత పైది, చివరికి పాదం మీదవి, అవీ వదులుగానే. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడకి తగిలీ తగలనట్టుండాలి. మోకాళ్ళు వంచితే వెనక్కి రావాలి. వంచినప్పుడు మోకాలి కింద ముందు ఎముక బూటు నాలికని గట్టిగా నొక్కాలి, మడమ మాత్రం కదలకూడదు. బావ మొహం మాడ్చుకుని "బిగుతుగా ఉంది కదరా" అన్నాడు. ఇన్‌స్ట్రక్టర్ తెలుగు రాకపోయినా తలూపాడు.

పిక్కలు లావుగా ఉండి పై బకిల్ పడకపోతే బలవంతంగా లాగొద్దు. బకిల్ కొక్కెం తగిలించే పట్టీని కొన్ని బూట్లలో బయటికి జరపొచ్చు, అడగండి. లేదంటే పై అంచు పొట్టిగా ఉండే వేరే బూటు ఇమ్మనండి. ఆడవాళ్ళకి ఈ ఇబ్బంది ఎక్కువ, వాళ్ళ పిక్క కిందినుంచే మొదలవుతుంది కాబట్టి. కూర్చున్నప్పుడల్లా, నడిచినప్పుడల్లా పై బకిల్స్ విప్పుకుంటే పాదం కాస్త ఊపిరి పీల్చుకుంటుంది.

ఈ ఇరవై నిమిషాలు తీసుకుంటే వెనకాల క్యూలో వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

"బూటు స్కీకి తగులుకోవట్లేదు"

నూటికి తొంభైసార్లు బూటు అడుగున మంచు ముద్ద ఉంటుంది. కర్రతో గీకండి, లేకపోతే బైండింగ్ ముందు ముక్కకి రుద్దండి. మడమ దగ్గరి మీట కిందికి ఉందో లేదో చూడండి, పైకి ఉంటే మూసుకుపోయినట్టే. ముందు వేలి భాగం దూర్చి, తర్వాత మడమతో గట్టిగా నొక్కితే టక్కుమంటుంది. వాలు మీదైతే స్కీలని వాలుకి అడ్డంగా పెట్టి, కిందివైపు స్కీ ముందు వేసుకోవాలి. బైండింగ్ బిగువు మన బరువు, ఎత్తు, వయసు, నేర్పుని బట్టి పెట్టాల్సింది. పడితే విడిపోవాలి, నిలబడితే విడిపోకూడదు. బరువు అడక్కుండా స్కీలు చేతికిచ్చేస్తే మీరే చెప్పండి, సిగ్గుపడి పది కిలోలు తగ్గించకుండా. స్కీ పొడవు గడ్డం దాకా ఉంటే కొత్తవాళ్ళకి చాలు.

"ఆగట్లేదు!"

కొత్తవాళ్ళందరి గోడూ ఇదే. జారడం మొదలవగానే భయమేసి ఒళ్ళు వెనక్కి వాలుతుంది. మెట్లు దిగేటప్పుడు, బురదలో నడిచేటప్పుడు మనకి పనికొచ్చిన అలవాటే అది. మంచు మీద తిరగబడుతుంది. వెనక్కి వాలితే బరువంతా స్కీ తోకల మీద పడి, ముందు కొసలు తేలిపోతాయి. పట్టు దొరకదు, ఇంకా వేగం పెరుగుతుంది. కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కేదీ చాలావరకు అందుకే.

పిజ్జా అంటే స్కీల ముందు కొసలు దగ్గరగా, తోకలు దూరంగా, పిజ్జా ముక్క ఆకారంలో పెట్టడం. రెండు మడమలనీ బయటికి తోస్తూ, లోపలి అంచుల్ని మంచులోకి కొద్దిగా గుచ్చితే ఆగుతారు. ఇది చేస్తున్నా ఆగట్లేదంటే కాళ్ళు ఇంకా చాపకండి, ముందు ఎముక బూటు నాలికని నొక్కుతోందో లేదో గమనించండి. నొక్కట్లేదంటే మీరింకా వెనక్కే ఉన్నారు. చేతులు ముందుకి, భోజనం పళ్ళెం పట్టుకున్నట్టు పెడితే ఒళ్ళు దానంతటదే ముందుకి వస్తుంది. మా అక్కకి "బూందీ లడ్డూల పళ్ళెం ఇది, ఒలకబోయకు" అని చెబితే ఒక్కసారికే కుదిరింది.

అప్పటికీ ఆగకపోతే పక్కకి, పిరుదుల మీద పడిపోండి. కర్రలు వదిలేయండి. చేతిలో కర్రతో పడితే బొటనవేలి కీలు దెబ్బతింటుంది. అందుకే మణికట్టు పట్టీలు తగిలించుకోకపోవడమే మంచిది.

"పడ్డాను, లేవలేకపోతున్నాను"

స్కీలు కిందికి చూస్తుంటే లేచిన మరుక్షణం మళ్ళీ జారతారు. వెల్లకిలా తిరిగి, రెండు స్కీలూ గాల్లోకి ఎత్తి, ఒంటికి కిందివైపు, వాలుకి అడ్డంగా పెట్టండి. మోకాళ్ళు ఛాతీకి దగ్గరగా తెచ్చుకుని, పైవైపు చేత్తో తోసి లేవండి. రెండుసార్లకి రాకపోతే పంతం వద్దు, పైవైపు స్కీ విప్పేసి లేవండి. పడటం కంటే లేవడానికే ఎక్కువ అలిసిపోతారు.

"డ్రాగ్ లిఫ్ట్ మీద కూర్చోగానే పడ్డాను"

అది కూర్చునేది కాదు. వెనకనుంచి తోస్తుంది, మనం నిలబడే ఉండాలి. స్కీలు సమాంతరంగా, మోకాళ్ళు కాస్త వంచి, దాన్ని లాగనివ్వాలి. మధ్యలో పడితే వెంటనే పక్కకి దొర్లండి, వెనక ఇంకొకరు వస్తుంటారు.

"చేతులు కొంకర్లు పోతున్నాయి", "తల పోటు", "రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టుంది"

చేతులు, కాళ్ళు: జీన్సు, ఉన్ని గ్లవుజులు మంచులో తడిసిపోతాయి, తడి బట్ట వంట్లో వేడిని లాగేస్తుంది. నీరు దూరని ప్యాంటు, గ్లవుజులు అద్దెకైనా తీసుకోండి. లోపల కాటన్ బనీను వద్దు, చెమటకి అదీ తడుస్తుంది.

తల పోటు: గుల్మార్గ్ 2,650 మీటర్లు. హైదరాబాద్ 500 పైచిలుకు, విజయవాడ దాదాపు సముద్ర మట్టం. శ్రీనగర్‌లో ఒకటి రెండు రాత్రులు గడిపి వెళ్తే తేలిక. చలిలో దాహం తెలియదు, నీళ్ళు తాగుతూ ఉండండి. తలనొప్పికి వాంతులో, తడబాటో తోడైతే ఆ రోజుకి చాలించి కిందికి దిగిపోండి.

కళ్ళు: కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్ని 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, పైగా ప్రతి 1000 మీటర్ల ఎత్తుకి వాటి తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. మబ్బు ఉంది కదా అని కళ్ళద్దాలు తీసేస్తే కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది. కళ్ళు నలపకండి, చీకటి గదిలో విశ్రాంతి ఇవ్వండి, మర్నాటికి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయాలి, ఎండ కిందినుంచి కూడా కొడుతుంది కదా.

మర్నాడు పొద్దున

హౌస్‌బోట్ మెట్టు దిగుతుంటే తొడలు వణుకుతాయి, ముందు ఎముక మీద చెయ్యేస్తే నొప్పి. రెండు మూడు రోజుల్లో పోతుంది. ఒక్క మోకాలే వాచి, బరువు మోపితే పక్కకి వంగిపోతున్నట్టున్నా, పడ్డప్పుడు లోపల టప్‌మన్నట్టు వినిపించినా అది కండరాల నొప్పి కాదు. శ్రీనగర్‌లోనే ఎముకల డాక్టర్‌కి చూపించి విమానం ఎక్కండి. ప్రయాణ బీమాలో సాహస క్రీడల్ని మినహాయించారేమో బయల్దేరకముందే చూసుకోవాల్సింది ఇందుకే.

మా బావకి ఏమీ కాలేదు. విమానంలో మాత్రం బూట్లు విప్పుకుని కూర్చుని, "ఆ 26.5 నంబరు ఎక్కడైనా రాసిపెట్టరా" అన్నాడు.