లైట్‌హౌస్ పాఠాలు – 3: ఏ దీపమో గుర్తుపట్టడం

ముందుగా పోయిన పాఠంలోని లెక్కకు జవాబు. దీపం ఎంత దూరం నుంచి కనబడుతుందన్నది ప్రశ్న. దీపం ఎత్తు 36 మీటర్లు, బోటు మీద మన కన్ను ఎత్తు 4 మీటర్లు. వర్గమూలాలు 6, 2. రెండూ కూడి 2.08తో గుణిస్తే సుమారు 16.6 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 31 కిలోమీటర్లు. గాలి తేటగా ఉంటేనే సుమా!

దీపం కనబడింది సరే, అది ఏ ఊరిది? గోదావరి డెల్టాలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. అంతర్వేది నుంచి పైకి వెళుతుంటే గుర్తుపట్టడానికి ఒడ్డున కొండ లేదు, గుట్ట లేదు. ఎటు చూసినా చెట్ల నల్లగీతే. నది తెచ్చిన ఒండ్రు, ఇసుక మేటలై నీటి కిందే ఉంటాయి. 1867 జూన్ 19న అమెరికా యుద్ధనౌక సాక్రమెంటో గోదావరి ముఖద్వారం దగ్గర ఇలాగే తగులుకుని ధ్వంసమైంది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ ఓడ పేరుతోనే ఇక్కడ ఒక లైట్‌హౌస్ ఉంది.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కట్టిన ఫారోస్ దీపస్తంభం ఎంత గొప్పదైనా, దాని మీద వెలిగింది మంటే. మంటకూ మంటకూ తేడా ఏముంటుంది? దీపస్తంభాలు పెరిగేకొద్దీ ఒకదాన్ని చూసి మరొకటనుకునే ప్రమాదమూ పెరిగింది. ఫ్రాన్సులో జిరోండ్ నదీముఖాన ఉన్న కార్డువాన్ దీపస్తంభంలో 1823లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఫ్రెనెల్ తన కటకాన్ని అమర్చాడు. వలయాలుగా పేర్చిన గాజు పట్టకాలు చెదిరే వెలుగును కూడగట్టి ఒకే దిక్కుకు పంపుతాయి. ఆ గాజు గూడు తిరిగినప్పుడల్లా వెలుగుపట్టీ ఓడను తాకి పోతుంది, చూసేవారికి మెరుపులా కనిపిస్తుంది. మెరుపుల లయ ఒక్కో దీపానికి ఒక్కోలా పెడితే అది ఏ దీపమో తెలిసిపోతుంది. తర్వాత ఆ గూడును పాదరసం మీద తేల్చారు. టన్నుల బరువున్నా చేత్తో తిప్పవచ్చు. ఇప్పుడు చాలాచోట్ల ఎల్‌ఈడీలు వచ్చాయి గానీ లయతో గుర్తుపట్టే పద్ధతి మారలేదు.

ఇక సాధన. ముందు వెలుగు ఎక్కువా, చీకటి ఎక్కువా చూడండి. చీకటి ఎక్కువైతే మెరుపు దీపం. వెలుగే ఎక్కువసేపు ఉండి మధ్యలో ఆరుతుంటే అది వేరే రకం. రెండూ సమానంగా ఉండేవీ ఉన్నాయి.

మెరుపు దీపమైతే ఫోనులో స్టాప్‌వాచ్ తెరవండి. తొందరపడి ఏదో ఒక మెరుపు దగ్గర నొక్కకండి. పెద్ద చీకటి తర్వాత వచ్చే తొలి మెరుపు దగ్గర నొక్కండి. మెరుపులు 0, 3, 15, 18, 30 సెకన్ల దగ్గర వచ్చాయనుకుందాం. కొత్తవారు 3 సెకన్లని రాసేస్తారు. అది జంట మధ్య విరామం మాత్రమే. తొలి మెరుపు నుంచి మళ్లీ తొలి మెరుపు దాకా 15 సెకన్లు. కాబట్టి ఇది ‘రెండు మెరుపులు, 15 సెకన్లు’ అన్న దీపం. నావికుల పటంలో దీపం పక్కన రాసి ఉండేది ఇదే.

ఒక్క చుట్టు కొలిచి ఊరుకోవద్దు. అయిదు చుట్లకు పట్టిన సమయాన్ని అయిదుతో భాగిస్తే వేలి తొందర వల్ల వచ్చే తప్పు తగ్గుతుంది. చిన్న పడవలో ఉంటే అల అడ్డొచ్చి ఒక మెరుపు తప్పిపోవచ్చు. మెరుపుల సంఖ్య కనీసం మూడుసార్లు ఒకేలా వచ్చేదాకా నమ్మవద్దు.

కాకినాడవారు వాకలపూడి దీపంతో, కోనసీమవారు అంతర్వేది దీపంతో మొదలుపెట్టండి. స్తంభం మొదట్లో కాకుండా కాస్త దూరంగా నిలబడండి.

ఈ వారం లెక్క: ఒకరు తొందరపడి మధ్యలో స్టాప్‌వాచ్ నొక్కారు. మెరుపులు 0, 3, 17, 20, 23, 37 సెకన్ల దగ్గర వచ్చాయి. గుంపుకు ఎన్ని మెరుపులు, చుట్టుకు ఎన్ని సెకన్లు? జవాబు వచ్చే పాఠంలో, పగటిపూట స్తంభం మీది రంగుల చారలతో పాటు.