ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సు: శిక్షణ ఎక్కడ పొందాలి, దరఖాస్తు ఎలా చేయాలి

తుపాకీ లైసెన్సు తీసుకోవాలనుకునే వారిలో చాలామంది ముందుగా అడిగేది ఏ రివాల్వర్ మంచిదని. ఆ సంగతి చివర్లో చూసుకోవచ్చు. 2016 ఆయుధాల నియమావళిలోని పదో నియమం ప్రకారం ఆయుధాల భద్రతా శిక్షణ పూర్తి చేసినట్లు ఫారం ఎస్-1లో ధ్రువపత్రం కావాలి. ఈ కాగితాన్ని చాలామంది మొక్కుబడిగా చూస్తారు. నా దృష్టిలో మొత్తం దరఖాస్తులో మీ ప్రాణాన్ని, మీ ఇంట్లోవాళ్ల ప్రాణాన్ని నేరుగా కాపాడేది ఇదొక్కటే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

ముందు అర్హత. 1959 ఆయుధాల చట్టం ప్రకారం దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. వృత్తి, వ్యాపారం లేదా ఇతర కారణాల వల్ల ప్రాణానికో ఆస్తికో నిజమైన ముప్పు ఉన్నవారి దరఖాస్తులను అధికారులు పరిశీలిస్తారు. సైన్యంలో, కేంద్ర బలగాల్లో, పోలీసు శాఖలో పనిచేస్తున్నవారు, పనిచేసినవారు కూడా అవసరం చూపి అడగవచ్చు. షూటింగ్ క్లబ్బులో కనీసం రెండేళ్లుగా క్రియాశీల సభ్యులైన క్రీడాకారులది మరో వర్గం. బెదిరింపులు వచ్చి ఉంటే పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు, ఎఫ్ఐఆర్ నకళ్లు జతచేయండి. ‘ఆత్మరక్షణ కోసం’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే దరఖాస్తు నిలవదు.

లైసెన్సు ఇచ్చే అధికారి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్, ఇతర జిల్లాల్లో జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టర్. ఎక్కడా రుసుము కట్టకముందే ఆ కార్యాలయంలో ఆయుధ లైసెన్సులు చూసే విభాగానికి వెళ్లి రెండు విషయాలు అడగండి: ఎవరు ఇచ్చిన ఎస్-1 ధ్రువపత్రాన్ని అంగీకరిస్తారు, దాన్ని ఏ దశలో సమర్పించాలి. ఇది తెలుసుకోకుండా ఏదో ప్రైవేటు అకాడమీలో చేరితే డబ్బు, సమయం రెండూ పోవచ్చు.

ఇక మంచి శిక్షణను గుర్తుపట్టడం. తుపాకీ ఎప్పుడూ ముట్టని వాళ్లకు మొదటి గంటలోనే తూటాలు చేతికిచ్చే చోటు మీకు పనికిరాదు. మంచి శిక్షకుడు ముందు ఖాళీ ఆయుధంతో మొదలుపెడతాడు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి. కాల్చకూడని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరి, కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు వెళ్లకూడదు. లక్ష్యం వెనక ఏముందో, ఎవరున్నారో తెలియాలి. ఈ నాలుగూ చేతికి అలవాటయ్యేదాకా ఆయన మిమ్మల్ని ముందుకు కదలనివ్వడు. విసుగు పుట్టినా అలాంటి శిక్షకుణ్ణి వదులుకోవద్దు.

చేరే ముందు ఒక పూట రేంజికి, అంటే కాల్పుల సాధన జరిగే చోటికి, వెళ్లి చూసి రండి. కాల్చేవాళ్లందరికీ చెవులకు, కళ్లకు రక్షణ ఉందా? ఒక్కో శిక్షకుడు ఒకేసారి ఎంతమందిని చూసుకుంటున్నాడు? ఎవరైనా గొట్టాన్ని పక్కవాళ్లవైపు తిప్పితే ఆయన అక్కడికక్కడే ఆపించాడా, చూసీ చూడనట్లు వదిలేశాడా? దెబ్బ తగిలితే ప్రథమ చికిత్స సామగ్రి ఉందా? క్లబ్బు లైసెన్సు చూపించమని అడిగే హక్కు మీకుంది. తరగతులకు రాకపోయినా ధ్రువపత్రం ఇస్తామని ఎవరైనా అంటే వెంటనే బయటికి వచ్చేయండి. లైసెన్సున్న బంధువు తన తోటలో నేర్పిస్తానన్నా ఒప్పుకోవద్దు. ఆయన లైసెన్సు ఆయన వాడుకోవడానికే, మీ చేతికివ్వడానికి కాదు.

ఏ ఆయుధంతో నేర్పుతారో కూడా అడగండి. బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి వ్యాసం. 9 ఎంఎం పిస్టల్ సామాన్య పౌరులకు నిషిద్ధ బోరు. అనుమతి ఉన్న వాటిలో ఆత్మరక్షణకు ఎక్కువగా తీసుకునేది .32 బోరు, కాబట్టి మీ సాధన దానిపైనే జరగడం మేలు. భయం పోగొట్టుకోవడానికి ముందుగా కొన్ని వారాలు .177 ఎయిర్ రైఫిల్‌తో సాధన చేయమని నేను గట్టిగా చెబుతాను. శక్తి 20 జౌళ్లు దాటని ఆ బోరు ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఊపిరి నిలపడం, ట్రిగ్గర్‌ను కుదుపు లేకుండా వెనక్కి లాగడం అక్కడే ఒంటబడతాయి.

ఎప్పుడు కాల్చకూడదో చెప్పని శిక్షణ అసంపూర్ణం. భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును ఇస్తూనే దానికి హద్దులు గీస్తాయి. అవసరానికి మించి హాని చేయకూడదు. పోలీసుల సహాయం పొందే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదు. పారిపోతున్న దొంగ వీపుమీద కాల్చినవాడు చట్టం ముందు ఏ స్థితిలో నిలబడతాడో తరగతిలో చర్చించాలి. చర్చించకపోతే మీరే అడగండి.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఒక హెచ్చరిక. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రేంజిలో అద్దెకు తీసుకుని పట్టుకోవడం కూడా ఈ నిషేధం కిందికే రావచ్చు. స్నేహితులు పిలిచారని వెళ్లే ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగండి.

శిక్షణ అయ్యాక దరఖాస్తు పెద్ద పని కాదు. కేంద్ర హోం శాఖ నడిపే ఎన్‌డీఏఎల్-అలిస్ పోర్టల్‌లో రాష్ట్రాన్ని, లైసెన్సింగ్ అధికారిని ఎంచుకుని ఫారం ఎ-1 నింపాలి. వచ్చిన దరఖాస్తు సంఖ్యను భద్రపరచుకుని, ముద్రిత ప్రతిపై సంతకం చేసి సంబంధిత కార్యాలయంలో ఇవ్వాలి. పుట్టిన తేదీ, గుర్తింపు, చిరునామా రుజువులు, తెల్లటి నేపథ్యంలో తీసిన ఫొటోలు, ఆయుధాన్ని భద్రంగా ఉంచుతానన్న హామీ పత్రం జతచేయాలి. మానసిక, శారీరక ఆరోగ్యం బాగుందని, మత్తు పదార్థాలకు బానిస కాదని డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం, ఎస్-1 కూడా ఉండాలి. పాత కేసులుంటే దాచకండి. వాస్తవాలు దాచి తీసుకున్న లైసెన్సును రద్దు చేసే అధికారం చట్టం ఇచ్చింది.

తర్వాత మీ ప్రాంతపు పోలీస్ స్టేషన్ నుంచి విచారణ జరుగుతుంది. ఇంటికి వస్తారు, ఇరుగుపొరుగును అడుగుతారు, ఆయుధం ఎక్కడ దాస్తారో చూస్తారు. తాళం పడే ఇనుప పెట్టె ముందే సిద్ధం చేసుకుంటే మంచిది, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో. పోలీసు నివేదికకు 30 రోజులు, అది అందాక అధికారి నిర్ణయానికి 60 రోజులు నియమావళిలో గడువు. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా కోరండి. చట్టంలోని 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

లైసెన్సు వచ్చాక మీ పేరు జాతీయ డేటాబేసులో విశిష్ట గుర్తింపు సంఖ్యతో నమోదవుతుంది. 2019 సవరణ తర్వాత గడువు ఐదేళ్లు, సాధారణంగా ఒకరికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా లేదా రెండూ పడవచ్చు. శిక్షణ ఇచ్చిన క్లబ్బులో సభ్యత్వాన్ని మాత్రం కొనసాగించండి. ఏడాదిపాటు పెట్టెలో పెట్టి ముట్టని ఆయుధాన్ని ఒక్కసారిగా భయంలో చేతిలోకి తీసుకుంటే తరగతిలో నేర్చుకున్నదేదీ గుర్తుకు రాదు.