స్ట్రెస్ ఐసో దానంతటదే రావాలంటే – 4వ పాఠం: నోడ్‌కీ సపోర్టుకీ లంకె

స్ట్రెస్ ఐసో అంటే పైపు లైను ఐసోమెట్రిక్ బొమ్మ మీద, ఒక్కో సపోర్టు పక్కన అక్కడి బలాలూ కదలికలూ రాసిన బొమ్మ. దాన్ని ప్రోగ్రాముతో గీయించడమే ఈ పాఠాల పని. ముందు పోయినసారి ఇచ్చిన లెక్క చూద్దాం. మిర్యాలగూడలో ఏ బాయిల్డ్ రైస్ మిల్లుకైనా వెళ్లి, ఊక బాయిలర్ నుంచి ధాన్యం ఉడికించే ట్యాంకుల దాకా పోయే ఆవిరి పైపును చూసి, వేడెక్కితే అది ఎంత సాగుతుందో కట్టమన్నాను. మన పాఠాల కోసం అనుకున్న లైను 6 అంగుళాలది, లోపల 10 బార్ (గేజ్ మీద) ఆవిరి. ఆ ఒత్తిడిలో ఆవిరి వేడి సుమారు 184 డిగ్రీలు. పైపు బిగించిన రోజు 34 డిగ్రీలు ఉందనుకుంటే (నల్గొండ ఎండాకాలంలో అది చల్లటి రోజు కిందే లెక్క) తేడా 150. కార్బన్ స్టీలు 100 డిగ్రీలకు మీటరుకు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. యాంకర్ (పైపు ఎటూ కదలకుండా బిగించిన చోటు) నుంచి 12 మీటర్ల దూరంలో 12 × 1.5 × 1.2, అంటే దాదాపు 22 మిల్లీమీటర్లు.

అక్కడే పైపు మలుపు తిరుగుతుంది. కాబట్టి మలుపు దాటిన ముక్క 22 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. స్ట్రెస్ ఇంజినీరుకు ఇది రిపోర్టులో ఒక అంకె, అంతే. ఆ పక్కనే కేబుల్ ట్రే వేసే ఎలక్ట్రికల్ వాళ్లు ఇన్సులేషన్ నుంచి 20 మిల్లీమీటర్లు వదిలి, చాలనుకుంటారు. వాళ్లకు సీజర్ (పైపు స్ట్రెస్ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ సీజర్-2) రిపోర్టు పోదు. పోయినా 140 పేజీల్లో ఆ అంకె ఏ మూల ఉందో వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది? ఆ అంకె బొమ్మ మీద, ఆ సపోర్టు పక్కనే కనిపించాలి. అందుకే స్ట్రెస్ ఐసో.

ఇక ఈ పాఠం సంగతి. చాలామంది ఆటోమేషన్ అనగానే గీత గీయడంతో మొదలుపెడతారు. నేనూ అట్లాగే మొదలుపెట్టి రెండు వారాలు పోగొట్టుకున్నాను. అసలు కష్టం గీతలో లేదు, పేర్లలో ఉంది. ఒకే చోటును స్ట్రెస్ వాళ్లు నోడ్ 60 అంటారు (నోడ్ అంటే లెక్క కోసం పైపు మీద నంబరు పెట్టుకున్న బిందువు), పైపింగ్ వాళ్లు సపోర్టు పీఎస్-104 అంటారు, సివిల్ వాళ్లు పెడెస్టల్ 7 అంటారు (సపోర్టు కింది కాంక్రీటు దిమ్మ).

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది చెబుతాను. ఒక ప్లాంటులో వేడి నీళ్ల లైనుకు లోడ్ షీట్ (ఏ చోట ఎంత బలం పడుతుందో చెప్పే కాగితం) పంపాను, నోడ్ నంబర్ల మీదే. నోడ్ 60 మామూలు రెస్ట్ (పైపు ఊరికే ఆనుకునే సపోర్టు), నోడ్ 90 యాంకర్. తర్వాత స్ట్రెస్ ఎక్కువొచ్చిందని మధ్యలో ఒక ఎక్స్‌పాన్షన్ లూప్ (సాగుదలను తట్టుకోవడానికి పైపుకు పెట్టే వంపు) పెట్టి, నోడ్లన్నీ శుభ్రంగా ఉండాలని మళ్లీ 10 నుంచి నంబర్లు వేశాను. నోడ్ 90 ఇప్పుడు లూప్ కింది రెస్ట్, యాంకర్ ఏమో నోడ్ 150. కొత్త షీటు పంపాను. సివిల్ వాళ్లు పాత బొమ్మ మీద నోడ్ 90 వెతుక్కుని, అక్కడ లోడు తగ్గిందని పెడెస్టల్ చిన్నది చేశారు. నెల తర్వాత సైటు నుంచి ఫోను.

"అన్నా, యాంకర్ పెట్టే కాడ పెడెస్టల్ ఇంత బక్కగ ఉందేంది?"

"ఏ డ్రాయింగ్ చూసి పోసిన్రు?"

"మీరిచ్చిందే అన్నా."

అతను అబద్ధమాడలేదు. బ్రేకర్ పెట్టి పగలగొట్టి మళ్లీ పోశారు. అప్పటి నుంచి నోడ్ నంబరును స్ట్రెస్ గది గడప దాటనివ్వను. బయటికి పోయేది సపోర్టు నంబరే. నోడ్ మారొచ్చు, సపోర్టు నంబరు మారకూడదు. సపోర్టు తీసేస్తే ఆ నంబరు కూడా దాంతోనే పోవాలి, ఇంకోదానికి పెట్టకూడదు.

రెండు పట్టికలు

మొదటిది పైపింగ్ మోడల్ నుంచి వచ్చే పీసీఎఫ్ ఫైలు. ఇది మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అందులో ప్రతి పైపు ముక్క, మోచేయి, సపోర్టు ఏ కోఆర్డినేట్ల దగ్గర ఉందో రాసి ఉంటుంది. 2వ పాఠంలో దీన్ని చదివి సపోర్టుల పట్టిక చేశాం: లైను నంబరు, సపోర్టు నంబరు, తూర్పు, ఉత్తరం, ఎత్తు. రెండోది సీజర్-2 నుంచి తీసిన పట్టిక: నోడ్, దాని కోఆర్డినేట్లు, ఒక్కో లోడ్ కేసులో (లైను నడిచేటప్పుడు, టెస్టు చేసేటప్పుడు, ఇట్లా ఒక్కో పరిస్థితిలో) బలాలు, కదలికలు. అది 3వ పాఠంలో చేశాం. ఇప్పుడు ఈ రెండింటికీ లంకె వేయాలి. రెండు వైపులా ఉన్నది స్థానం ఒక్కటే కాబట్టి లంకె దాని మీదే పడాలి.

ఇక్కడ మొదటి గుంట అక్షాలు. ప్లాంటు మోడల్‌లో ఎక్స్ తూర్పు, వై ఉత్తరం, జెడ్ పైకి. సీజర్‌లో ఏమీ మార్చకపోతే వై పైకి ఉంటుంది. ఎక్స్ తూర్పే అనుకుంటే, పైకి వై కాబట్టి జెడ్ దక్షిణం వైపు పోతుంది, ఉత్తరం వైపు కాదు. కుడిచేతి నియమంతో వేళ్లు తిప్పి చూసుకోండి. కాబట్టి ఉత్తరం కావాలంటే జెడ్‌కు గుర్తు మార్చాలి. ఆ మైనస్ మరిచిపోతే బొమ్మ అద్దంలో చూసినట్టు వస్తుంది, ఎడమ మలుపు కుడి అవుతుంది. తమాషా ఏమిటంటే, నేరుగా పోయే లైనులో ఈ తప్పు కనిపించనే కనిపించదు. బలాలకూ, కదలికలకూ ఇదే మార్పు చేయాలి. చాలామంది కోఆర్డినేట్లు మార్చి బలాలను వదిలేస్తారు. అట్లా చేస్తే సపోర్టు సరైన చోటే ఉంటుంది, కానీ దాన్ని నెట్టే దిక్కు తప్పు.

రెండో గుంట, కొలతలు ఎక్కడి నుంచి మొదలవుతాయన్నది. స్ట్రెస్ ఇంజినీర్లు నోడ్ 10ని సున్నా దగ్గర పెట్టి మొదలుపెడతారు. మన లైనులో నోడ్ 10 అసలు స్థానం తూర్పు 2300, ఉత్తరం 8200, ఎత్తు 4500 (అన్నీ మిల్లీమీటర్లే). నోడ్ 60 సీజర్‌లో 12000, 0, 0. కలిపితే తూర్పు 14300, ఉత్తరం 8200, ఎత్తు 4500. నోడ్ 80 సీజర్‌లో 12000, 0, మైనస్ 3000. గుర్తు మార్చి కలిపితే ఉత్తరం 11200. ఇది కాగితం మీద ఒకసారి చేతితో చేయండి, తర్వాతే ప్రోగ్రాముకు అప్పగించండి.

ఇక దగ్గర ఉన్నదాన్ని పట్టుకోవడం. అదే లైను నంబరులోని నోడ్లలో, సపోర్టుకు అన్నిటికన్నా దగ్గరున్న రెస్ట్రెయింట్ నోడ్‌ను (సీజర్‌లో పైపు కదలికను ఆపే సపోర్టు పెట్టిన నోడ్) తీసుకోండి. ఎంత దగ్గర? అడ్డంగా 25 మిల్లీమీటర్లు నేను ఒప్పుకుంటాను. నిలువుగా మాత్రం 250 దాకా వదులుతాను. సీజర్ నోడ్ పైపు మధ్యలో ఉంటుంది, కొన్ని మోడళ్లలో సపోర్టు స్థానం షూ (పైపు కింద అతికించే ఇనుప కాలు) అడుగున ఉంటుంది. మన పైపు బయటి వ్యాసం 168.3, అందులో సగం 84, షూ ఎత్తు 100, మొత్తం 184 తేడా అక్కడే వస్తుంది. ట్రనియన్ (సపోర్టు కోసం పైపుకు వెల్డు చేసిన పొట్టి పైపు ముక్క) ఉన్న చోట నోడ్ ట్రనియన్ కొసన ఉంటుంది, వాటిని విడిగా చూసుకోవాలి.

ఏ నోడూ దొరకకపోయినా, రెండు దొరికినా ప్రోగ్రాము ఊహించకూడదు. ఎర్ర జాబితాలో పడేసి ఆగాలి. నేను రాసిన మొదటి ప్రోగ్రాము ఊహించేది, అందుకే బలంగా చెబుతున్నాను. ఎర్ర జాబితా మొదటిసారి పొడుగ్గా వస్తుంది, టెన్షన్ పడకండి. సగం తప్పులు నిజంగా తప్పులే: పైపింగ్ వాళ్లు సపోర్టును 300 మిల్లీమీటర్లు జరిపి స్ట్రెస్ వాళ్లకు చెప్పి ఉండరు. ఈ జాబితా పట్టుకుని ఇద్దరూ ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే గంటలో తేలిపోతుంది.

ఏ లోడు రాయాలి?

మన పైపు మీటరుకు 28.3 కిలోలు, ఇన్సులేషన్, రేకు కలిపి 34 అనుకుందాం. సపోర్టుల మధ్య 6 మీటర్లు. ఒక్కో సపోర్టు మీద 204 కిలోలు, అంటే 2 కిలోన్యూటన్లు. పైపు జారేటప్పుడు స్టీలు మీద స్టీలు రాపిడి 0.3 కాబట్టి అడ్డంగా 0.6. ఇది నడిచేటప్పటి లోడు. హైడ్రో టెస్టులో (పైపు నిండా నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష) ఇన్సులేషన్ ఉండదు కానీ నీళ్లు మీటరుకు 18.6 కిలోలు చేరతాయి. 46.9 ఇంటూ 6, 281 కిలోలు, 2.8 కిలోన్యూటన్లు. అప్పుడు వేడి లేదు, కదలిక లేదు, రాపిడీ లేదు. ఆవిరి లైనులో బరువు విషయంలో టెస్టే పెద్దది.

కొన్ని ఆఫీసుల్లో అన్ని కేసుల్లోంచి పెద్ద అంకెలు ఏరి, 2.8, 0.6 అని ఒకే వరుసలో ఇచ్చేస్తారు. నాకు నచ్చదు. ఆ రెండూ ఒకేసారి ఎప్పుడూ రావు. రెండు వరుసలు, కేసు పేరుతో ఇవ్వండి. కలపాలా వద్దా అనేది సివిల్ వాళ్ల పని. ఇంకో మాట: సీజర్ రెస్ట్రెయింట్ రిపోర్టులో ఉండేది పైపు సపోర్టును నెట్టే బలం. నిలువు బలం మైనస్ ఉంటే కిందికి అని. బొమ్మ మీద మైనస్ వద్దు, "కిందికి 2.8" అని రాయండి. ఎక్స్, జెడ్ కూడా వద్దు, తూర్పు, ఉత్తరం అనండి. సివిల్ బొమ్మల్లో ఉండే మాటలు అవే.

పట్టిక కుదిరాక గీత సులువే. ఆటోక్యాడ్‌లో ఒక బ్లాకు చేసి అందులో సపోర్టు నంబరు, రకం, రెండు కేసుల లోడ్లు, కదలిక, రివిజన్ ఖాళీలు పెడితే ప్రోగ్రాము నింపుకుంటూ పోతుంది. లేబుళ్లు ఒకదాని మీద ఒకటి పడే తలనొప్పి 5వ పాఠంలో చూద్దాం.

ఈసారి ఇంటిపని. మన 12 మీటర్ల ముక్క మధ్యలో ఒక లూప్ పెట్టి, నోడ్లకు మళ్లీ 10 నుంచి నంబర్లు వేయండి, నేను చేసిన తప్పే కావాలని చేయండి. లంకె ప్రోగ్రామును నడపండి. పీఎస్-104 పక్కన ఇంతకుముందున్న లోడ్లే వచ్చాయా, లేక ఎర్ర జాబితాలోకి పోయిందా చూడండి. పోతే ఏ కొలత వల్ల పోయిందో రాసి పెట్టుకోండి. పాత, కొత్త పట్టికలను పోల్చి తేడా ఉన్న చోట మేఘం (ఇక్కడ మార్పు జరిగిందని చుట్టూ గీసే గుర్తు) గీయించడానికి వచ్చేసారి ఆ కాగితమే కావాలి.