వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో బిగించే ముందు

- టార్క్ అంకె (నట్టు ఎంత గట్టిగా బిగించాలో చెప్పే లెక్క) ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి. రెంచ్ మీద ఆ అంకె పెడితే, అంత బిగువు రాగానే క్లిక్ మంటుంది. చిన్న కార్లకు ఎక్కువగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. పక్కింటి కారు లెక్క మీ కారుకు పనికిరాదు.
- హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) మీద చక్రం ఆనే చోట తుప్పు, మట్టి వైర్ బ్రష్‌తో గీకేయండి. వదిలేస్తే, ఆ పొర నలిగిపోయాక నట్లు వదులవుతాయి.
- మరలకు నూనె, గ్రీజు వద్దేవద్దు. రాపిడి తగ్గిపోయి, రెంచ్ అదే అంకె దగ్గర క్లిక్ మన్నా స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) మీద లాగుడు బాగా పెరుగుతుంది; సాగొచ్చు, తెగొచ్చు కూడా.
- నట్లు ముందు చేత్తోనే ఎక్కించండి. ఎదురెదురు వరసలో సగం బిగించి, చక్రం నేలకు ఆనాక అదే వరసలో పూర్తిగా.
- క్లిక్ మనగానే ఆపాలి. ‘ఇంకొక్క పట్టు’ పడితే రెంచ్ కొన్న డబ్బు దండగే.
- విప్పడానికి ఈ రెంచ్ వాడొద్దు.
- 80–100 కి.మీ. తిరిగి, చక్రాలు చల్లారాక మళ్లీ సరిచూడండి.