క్యాంపర్‌లో కన్వర్టర్‌కు విడిగా ఒక బ్రేకర్

అమెరికాలో చిన్న క్యాంపర్ ట్రైలర్‌ను (బండి వెనక కట్టి లాగే చిన్న ఇల్లు) ఇంటి దగ్గర 15 ఆంప్ ప్లగ్‌కి పెట్టి మైక్రోవేవ్ వేస్తే బ్రేకర్ టప్‌మని పడిపోతుంటుంది. తప్పు మైక్రోవేవ్ ఒక్కదానిదే కాదు. అది 11, 12 ఆంప్‌లు లాగుతుంటే, ప్లగ్ కరెంటును 12 వోల్టులుగా మార్చి ఖాళీ బ్యాటరీని చార్జ్ చేసే కన్వర్టర్ (బ్యాటరీ వైపు 45 ఆంప్‌లు ఇచ్చేది) ప్లగ్ నుంచి ఇంకో 6 దాకా లాగుతుంది. రెండూ కలిస్తే 15 దాటిపోతుంది.

వైరింగ్ చేసుకునేటప్పుడే కన్వర్టర్‌ను సాకెట్ల లైన్‌కి కలపకుండా, దానికంటూ 15 ఆంప్ బ్రేకర్ పెట్టండి. వైరు 14 గేజ్ చాలు (గేజ్ అంటే వైరు మందం, నంబరు తగ్గేకొద్దీ వైరు లావు). సాకెట్లకు 20 ఆంప్ బ్రేకర్ వేస్తే వైరు 12 గేజ్ ఉండాలి. మెయిన్ బ్రేకర్ 30 ఆంప్. కన్వర్టర్ బ్రేకర్ మీద మార్కర్‌తో పేరు రాసేయండి, చీకట్లో వెతుక్కునే పని ఉండదు. ఇక వంట వేళ ఆ ఒక్కటి ఆఫ్ చేస్తే సరి. లైట్లు, నీళ్ల పంపు బ్యాటరీ మీద నడుస్తాయి.

వంటయ్యాక మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతే మాత్రం బ్యాటరీ అయిపోతుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.1 వోల్టులకు దిగిందంటే సగం ఖాళీ అయినట్టే, అప్పుడు ఈ పద్ధతి వద్దు. కరెంటు హీటర్, మైక్రోవేవ్ కలిపి వేస్తే ఆ రెండే 15 ఆంప్‌లు దాటతాయి, కన్వర్టర్ ఆపినా లాభం లేదు.

ప్యానెల్ తెరిచే ముందు కరెంటు ప్లగ్, బ్యాటరీ వైరు రెండూ తీయండి. క్యాంపర్ ప్యానెల్‌లో న్యూట్రల్, గ్రౌండ్ (ఎర్త్) వైర్లు బిగించే బార్‌లను ఒకదానికొకటి కలపకూడదు.