ఏఐ వేసిన స్టడీ టైమ్‌టేబుల్‌లో టాపిక్స్ ఎటు పోతున్నాయి? సమస్య - పరిష్కారం

మా చుట్టాల్లో, ఫ్రెండ్స్‌లో గ్రూప్స్ రాసేవాళ్లు ఎక్కువ. "చాట్‌జీపీటీ టైమ్‌టేబుల్ ఇచ్చింది గానీ కుదరట్లేదు, కాస్త చూడవా" అని ఎవరో ఒకరు ఫోన్ నా చేతిలో పెడుతూనే ఉంటారు. ప్రాంప్ట్ టైప్ చేయడం మీకు వచ్చు, అది చెప్పను. ఉదాహరణకి ఏపీపీఎస్సీ గ్రూప్-2 తీసుకుంటున్నా, నేను రాసింది అదే.

సమస్య: అసలు పేపర్లే తప్పుగా వచ్చాయి

ఏపీ మెయిన్స్‌కి ప్లాన్ అడిగితే తెలంగాణ ఉద్యమం వచ్చిందా? రెండు పేపర్ల బదులు మూడు వచ్చాయా? అయితే మీరు సిలబస్ పేస్ట్ చేయలేదు. ఇది అడిగితే ప్రతి ఒక్కరూ "దానికి తెలుసు కదా అన్నా" అంటారు. ఏం తెలుసు? 2023 డిసెంబర్ నోటిఫికేషన్‌తో ఏపీ మెయిన్స్ రెండు పేపర్లకి వచ్చింది, 150 చొప్పున 300 మార్కులు, పాత పద్ధతిలో మూడు పేపర్లు. తెలంగాణ గ్రూప్-2 అయితే నాలుగు పేపర్లు, 600 మార్కులు, నాలుగో పేపర్ మొత్తం ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావమే. నెట్‌లో ఇవన్నీ కలగాపులగంగా పడి ఉన్నాయి, అదీ అలాగే కలిపి వడ్డిస్తుంది. నోటిఫికేషన్ పీడీఎఫ్ తెరిచి సిలబస్ కాపీ చేసి పెట్టండి, రెండు నిమిషాల పని. దీన్ని వదిలేసి "బెస్ట్ ప్రాంప్ట్" అని యూట్యూబ్‌లో వెతుక్కుంటూ కూర్చుంటారు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

సమస్య: మూడో రోజుకే ప్లాన్ చతికిలపడింది

రోజుకి ఎనిమిది గంటలు అని రాసి ఉంటారు. ఉద్యోగం చేసుకుంటూ ఎనిమిది ఎక్కడివండీ. పోయిన వారం నిజంగా ఎన్ని గంటలు చదివారో అది రాయండి, రెండున్నరైతే రెండున్నరే. ఇవాల్టి తేదీ, పరీక్ష తేదీ కూడా ఇవ్వండి, వచ్చిన తేదీలకి వారాలు (సోమ, మంగళ) సరిపోయాయో లేదో గోడ మీద క్యాలెండర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

సమస్య: ప్లాన్ బాగానే నడుస్తోంది, కానీ టాపిక్స్ మాయమవుతున్నాయి

నన్ను కాల్చింది ఇదే. పైకి ఏమీ కనపడదు, అదే దీంతో వచ్చిన చిక్కు.

2025 ఫిబ్రవరి 23న మెయిన్స్. సిలబస్ పేస్ట్ చేశా, గంటలు నిజమే రాశా, 64 టాపిక్స్‌తో చక్కటి ప్లాన్ వచ్చింది. తర్వాత మామూలే, ఒకసారి జ్వరం, ఒకసారి పెళ్లి, ఒకసారి ఆఫీసులో పని, అలా ఆగిపోయిన ప్రతిసారీ అదే చాట్‌లో "రెండు రోజులు మిస్ అయ్యా, అడ్జస్ట్ చెయ్" అన్నా, అది కూడా "తప్పకుండా" అని కొత్త టేబుల్ ఇచ్చింది, నేను సంతోషంగా చదువుకుంటూ పోయా. మోడల్ టెస్ట్‌లో విష్ణుకుండినుల మీద ప్రశ్న వచ్చేదాకా వాళ్లని నేను చదవలేదన్న సంగతే తట్టలేదు. వెనక్కి వెళ్లి చూస్తే మొదటి టేబుల్‌లో సాతవాహనులు, ఇక్ష్వాకులు, శాలంకాయనులు, విష్ణుకుండినులు వేరువేరుగా ఉన్నారు. మూడో టేబుల్‌కి "సాతవాహనులు, ఇక్ష్వాకులు మొదలైనవారు" అయింది. నాలుగోదాంట్లో "ప్రాచీన రాజవంశాలు - 1 రోజు". కేంద్ర-రాష్ట్ర సంబంధాలైతే ఏ లైన్‌లోనూ లేవు. లెక్కపెడితే 57.

ఎందుకంటే, అది మీ టేబుల్‌ని ఎక్సెల్‌లా దాచుకుని వరసలు జరపదు. అడిగిన ప్రతిసారీ మొత్తం మళ్లీ కొత్తగా రాస్తుంది. రోజులు తగ్గాయి, టాపిక్స్ అలాగే ఉన్నాయి, మీరేమో "అడ్జస్ట్" అన్నారు, పట్టదు అని చెప్పే బదులు కలిపేసి కుదించేసి పట్టించేస్తుంది. చాట్ బాగా పొడుగైతే మొదట పేస్ట్ చేసిన సిలబస్ దానికి అందకుండా పోవచ్చు కూడా. "అన్నీ ఉన్నాయా" అని దాన్నే అడిగా. "అవును, అన్నీ ఉన్నాయి" అంది.

పరిష్కారం: టాపిక్స్ లిస్ట్ మీ దగ్గర ఉండాలి, దాని దగ్గర కాదు. నోట్‌బుక్‌లోనో ఎక్సెల్‌లోనో 1 నుంచి 64 దాకా నంబర్లు వేసుకోండి, అయిపోయినవి కొట్టేయండి. ప్లాన్ తప్పినప్పుడు పాత చాట్‌ని లాగకండి. కొత్త చాట్ తెరిచి, మిగిలిన టాపిక్స్ నంబర్లతో సహా పేస్ట్ చేసి ఇలా రాయండి:

"ఇవాళ ఫలానా తేదీ, పరీక్ష ఫలానా తేదీ, రోజుకి రెండున్నర గంటలు, ఆదివారం ఐదు. కింద 38 టాపిక్స్ ఉన్నాయి. నంబర్లు, పేర్లు మార్చకు. రెండింటిని ఒకటిగా కలపకు. 'మొదలైనవి', 'ఇతరాలు' అని రాయకు. చివరి ఐదు రోజులు రివిజన్‌కి వదిలెయ్. పట్టకపోతే ఏ నంబర్లు పట్టలేదో విడిగా చెప్పు, ఏది వదలాలో నేను చూసుకుంటా."

టేబుల్ వచ్చాక నంబర్లు మీరే వేలు పెట్టి లెక్కపెట్టండి, నిమిషం పట్టదు. మొదటిసారి ఇలా అడిగినప్పుడు తొమ్మిది పట్టలేదని చెప్పింది, చూడగానే గుండె జారింది గానీ ఏవి వదులుతున్నానో తెలిసి వదిలా. పరీక్షలో తప్పు జవాబుకి మూడో వంతు మార్కు కోత కాబట్టి చదవని టాపిక్ ఏదో తెలిస్తే ఆ ప్రశ్న ముట్టుకోకుండానైనా వస్తాం.

మిగతావి చిన్నవి. ఫోన్‌లో టేబుల్ కాపీ చేస్తే వరసలు చెదిరిపోతాయి, టేబుల్ వద్దు, రోజుకో లైన్ ఇవ్వు అనండి. ఫ్రీ లిమిట్ అయిపోయిందంటే కాసేపాగి రండి, ఈలోపు 14వ నంబర్ చదువుకోవచ్చు.