నెల రోజుల్లో క్యారమ్స్ పోటీకి తయారవ్వాలంటే

మా ఆఫీసు రిక్రియేషన్ రూము తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఏటా ఆటల పోటీలకు నెల ముందు ఎవరో ఒకరు వస్తారు: "అన్నా, ఈసారి క్యారమ్స్‌లో పేరిచ్చాను, ఏదైనా చెప్పవా?" వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇంట్లో ఆడే ఆట మర్చిపోండి. తెల్లకాయకి ఇన్ని, నల్లకాయకి ఇన్ని, రెడ్‌కి 50 అనే లెక్క పోటీలో ఉండదు. మీ తొమ్మిది కాయలు ముందు అయిపోతే ఆ బోర్డు, అంటే ఆ రౌండు, మీరు గెలిచినట్టే. అవతలివాళ్లవి ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు. రెడ్‌కి 3, అదీ మీ స్కోరు 22కి చేరనంతవరకే. 25 పాయింట్లు లేదా 8 బోర్డులు, ఏది ముందైతే అక్కడితో ఆట ముగుస్తుంది. రెడ్ తీసి ఫాలో (రెడ్ వెంటనే మీ కాయ ఒకటి వేయడం) కొట్టినా బోర్డు ఓడిపోతే ఆ 3 మీకు రావు, కానీ గెలిచినవాడికీ రావు. కాబట్టి ఓడిపోయేలా ఉన్న బోర్డులో కూడా రెడ్ తీయడం దండగ కాదు.

మొదటి వారం ఆట ఆడొద్దు, కొట్టడమే. వేలు దూరం నుంచి తెచ్చి ఫట్‌మని కొట్టేవాళ్లే ఎక్కువ. గోరు స్ట్రైకర్‌కి దాదాపు ఆనుకుని ఉండాలి, మిగతా వేళ్లు బోర్డు మీద కదలకుండా ఉండాలి. అవతలి పాకెట్ దగ్గర ఒక కాయ పెట్టి నేరుగా కొట్టండి. పదికి ఎనిమిది పడేదాకా ఇంకో షాటు జోలికి పోవద్దు. విసుగే, ఒప్పుకుంటాను. కానీ మా స్థాయి పోటీల్లో బోర్డులు పోయేది గొప్ప షాట్లు రాక కాదు, ఈ సులువు కాయలు వదిలేసి.

తర్వాత కట్, అంటే కాయని పక్కగా తాకి పాకెట్ వైపు మళ్లించడం. అసలు నేర్చుకోవాల్సింది ఇదే. కొత్తవాళ్లు కాయ మీద తగలాల్సిన చోటు చూసుకుని, స్ట్రైకర్ మధ్యభాగాన్ని సరిగ్గా అక్కడికే గురిపెడతారు. స్ట్రైకర్‌కి కూడా వెడల్పు ఉంది కదా, ముందే తగిలేస్తుంది, అదీ నిండుగా. కాయ పాకెట్ పక్కన ఫ్రేముకి కొట్టుకుంటుంది. ఇలా చేయండి: పాకెట్ మధ్య నుంచి కాయ మధ్యగా ఒక గీత ఊహించుకోండి. ఆ గీత మీదే, కాయ వెనక ఆనేలా స్ట్రైకర్‌ని చేత్తో పెట్టి చూడండి. రెండింటి మధ్యబిందువుల దూరం సుమారు 3.6 సెంటీమీటర్లు. ఇప్పుడు స్ట్రైకర్‌ని బేస్ లైను మీదికి తెచ్చి, అది ఇందాక ఉన్న ఖాళీ చోటుకి గురిపెట్టండి, కాయకి కాదు. పోటీలో అలా పెట్టి చూడనివ్వరు గానీ, రెండు వారాలు చేస్తే కంటికి దానంతటదే కనబడుతుంది.

డబుల్ ఒక్కటి నేర్చుకుంటే చాలు: మీ వైపు ఫ్రేము దగ్గర ఇరుక్కున్న కాయకి స్ట్రైకర్‌ని అవతలి ఫ్రేముకి కొట్టి వెనక్కి రప్పించడం. బొటనవేలి షాట్లు వచ్చే ఏడాది చూసుకుందాం.

మూడో వారం నుంచి మీకన్నా బాగా ఆడేవాళ్లతోనే కూర్చోండి. ప్రతి బోర్డు అయ్యాక ఒక్క ముక్క రాసుకోండి: ఆట చేయి ఎందుకు మారింది? సులువు కాయ వదిలానా, స్ట్రైకర్ పాకెట్‌లో పడి డ్యూ (తీసిన కాయ ఒకటి తిరిగి బోర్డు మీద పెట్టే జరిమానా) వచ్చిందా, అవతలివాడి కాయని నేనే కదిపి దారిచ్చానా? నేర్చుకునేవాళ్లలో చాలామంది పుస్తకంలో మూడోదే ఎక్కువ కనబడుతుంది. పడేలా లేనప్పుడు గుంపులోకి బలంగా కొట్టడం మనవాళ్లకి సరదా. దానికి బదులు మీ కాయని మెల్లగా పాకెట్ దగ్గరికి జరిపి, వాళ్ల దారికి అడ్డంగా వదలండి.

వీడియోలు చూస్తానంటే మన హైదరాబాద్ ఎస్. అపూర్వ ఆట చూడండి, 2016 ప్రపంచ ఛాంపియన్. కాయ పడ్డాక స్ట్రైకర్ ఎక్కడ ఆగిందో కాదు, తర్వాతి కాయ ఎలా తెరుచుకుందో గమనించండి.

పోటీ రోజు సొంత స్ట్రైకర్ తీసుకెళ్లండి, 15 గ్రాములు దాటకుండా. కాస్త ముందే వెళ్లి, వీలిస్తే ఆ బోర్డు నాలుగు ఫ్రేములకీ ఒక్కో దెబ్బ వేసి ఎంత వెనక్కి వస్తుందో చూసుకోండి. బోరిక్ పౌడర్ ఎక్కువ చల్లిన బోర్డయితే చేతి బలం సగానికి తగ్గించండి.